చరిత్రతో రాత నేర్పడం: ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ చిక్కుపడుతుంది

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠం చెప్పేవాళ్లలో ఎవర్ని కదిపినా ఒకటే గోడు. అడిగితే గలగలా చెబుతారు, రాయమంటే మాత్రం మూడు వాక్యాలు రాసి పెన్ను కింద పెట్టేస్తారు, ఆ మూడూ పుస్తకంలోవో గైడులోవో అయి ఉంటాయి. దీనికి మనం చేసేది కూడా ఎప్పుడూ ఒకటే. వ్యాకరణం ఇంకాస్త గట్టిగా చెబుతాం, "చెట్ల వల్ల ఉపయోగాలు", "సమయపాలన" లాంటి వ్యాసాలు ఇంకో నాలుగు రాయిస్తాం, చివరికి దస్తూరి బాగాలేదని కోప్పడతాం.

చరిత్ర పాఠాల ద్వారా, రకరకాల జీవితాల గురించిన సాహిత్యం ద్వారా పిల్లలకు రాయడం నేర్పాలని ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. ఆ ఆలోచన మీద నాకు నమ్మకం ఉంది, దాన్ని చెప్పే తీరు మీద లేదు. ఎందుకంటే ఇందులో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. గతంలో ఏం జరిగిందో తెలుసుకోవడం ఒకటి, మనలా బతకని మనుషుల బతుకు అర్థం చేసుకోవడం ఒకటి, వాక్యం పక్కన వాక్యం పేర్చి ఒక మాట నిలబెట్టడం ఒకటి. మొదటి రెండూ చేయిస్తే మూడోది దానంతటదే వచ్చేస్తుందని అనుకుంటాం. రాదు. బోలెడు కథలు చదివి, చరిత్రలో నూటికి తొంభై తెచ్చుకుని, సొంతంగా ఒక పేరా రాయలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు.

మరి చరిత్ర ఎందుకు? "చెట్ల వల్ల ఉపయోగాలు" వ్యాసంలో తేల్చుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి. చెట్లు మంచివి కావని వాదించేవాడు ఎవడూ ఉండడు, ఆ సంగతి టీచరుకు తెలుసు, టీచరుకు తెలుసని పిల్లకూ తెలుసు, ఇక ఎవరికి చెప్పడానికి రాయాలి? గతం అలా కాదు. ఒకే రోజు, ఒకే చోట జరిగినదాన్ని చూసినవాళ్లు నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో, ఎందుకు నమ్మాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు పిల్ల చేతికి చెప్పాల్సిన మాట అంటూ ఒకటి దొరుకుతుంది. రాయలేకపోవడం అని మనం అనుకునేదాంట్లో సగం, నా లెక్కలో, చెప్పడానికి ఏమీ లేకపోవడమే.

ఈ విషయం మీద శామ్ వైన్‌బర్గ్ అనే అమెరికా పరిశోధకుడు చేసిన పని చాలామందికి కళ్లు తెరిపించింది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైనికులకూ స్థానిక దళానికీ మధ్య కాల్పులు జరిగాయి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అక్కడ మొదలైంది, కానీ మొదటి తూటా ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. రెండు పక్షాలవాళ్లూ అవతలివాళ్లే ముందు కాల్చారని రాసి పెట్టారు. వైన్‌బర్గ్ ఆ సంఘటన మీద ఉన్న పత్రాలను ఎనిమిది మంది చరిత్రకారులకూ, ఎనిమిది మంది హైస్కూలు పిల్లలకూ ఇచ్చి, చదువుతూ చదువుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నాడు. 1991లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, చరిత్రకారులు ముందు పత్రం చివరకు వెళ్లి రాసిందెవరు, ఎప్పుడు, ఎవరి కోసం అని చూశారు, ఆ తర్వాతే పైనుంచి చదివారు. పిల్లలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా బుద్ధిగా చదివేశారు. అన్నిట్లోకీ ఎక్కువ నమ్మదగింది ఏదని అడిగితే పిల్లలు పాఠ్యపుస్తకం ముక్కని చూపించారు, చరిత్రకారులు దాన్ని జాబితాలో అట్టడుగుకు నెట్టేశారు. ఇంకో తమాషా, ఆ చరిత్రకారుల్లో కొందరికి అమెరికా విప్లవం గురించి తెలిసింది అంతంతమాత్రమే, వాళ్ల ప్రత్యేక విషయాలు వేరు. వాళ్లను కాపాడింది సమాచారం కాదు, చదివే అలవాటు.

ఇది చదవడం గురించిన సంగతిలా కనిపిస్తుంది కానీ, రాయడానికి అసలు ముడి ఇక్కడే ఉంది. పాఠం వెనుక ఒక మనిషి కూర్చుని, కొన్ని మాటలు ఎంచుకుని, కొన్ని వదిలేసి రాశాడన్న స్పృహ లేని పిల్లకు, తానూ అలా ఎంచుకోవచ్చన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే కాపీ కొడుతుంది. అది బద్ధకం అని మనం అనుకుంటాం.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1919 ఏప్రిల్ 13, అమృత్‌సర్, జలియన్‌వాలా బాగ్. క్లాసులో "ఆ రోజు ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి" అంటే ఎక్కువమంది రాసేది ఇది: "జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిగాయి, చాలామంది చనిపోయారు." తప్పు లేదు. వ్యాకరణం చక్కగా ఉంది. టీచరు టిక్కు పెట్టి వదిలేయొచ్చు కూడా. కానీ ఆ వాక్యంలో కాల్చినవాడు లేడు. కాల్పులు, వాన పడినట్టు, వాటంతటవే జరిగిపోయాయి. పిల్ల కావాలని దాచలేదు, పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి అలాగే వచ్చేసింది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని ప్రశ్నించాలి. ఎవరు కాల్చారు? ఎవరు కాల్చమన్నారు? ఎంతసేపు? చాలామంది అంటే ఎంతమంది, ఆ లెక్క ఎవరిది? జవాబుల కోసం నాలుగు చిన్న ముక్కలు ఇవ్వొచ్చు, ఒక్కోటి ఏడెనిమిది లైన్లకు మించకుండా, పిల్లలకు అర్థమయ్యే భాషలోకి మార్చి: ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ నివేదిక నుంచి ఒకటి, అదే కమిటీ ముందు డయ్యర్ ఇచ్చిన సాక్ష్యం నుంచి ఒకటి, కాంగ్రెస్ విడిగా వేసిన విచారణ సంఘం నివేదిక నుంచి ఒకటి, సర్ బిరుదు వదులుకుంటూ రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 మే చివర్లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌కు రాసిన ఉత్తరం నుంచి ఒకటి. వీటిని పక్కపక్కన పెట్టుకుని రాస్తే వాక్యం ఇలా తయారవుతుంది: "బ్రిగేడియర్ జనరల్ డయ్యర్ ఆదేశం మీద సైనికులు దాదాపు పది నిమిషాలపాటు 1650 తూటాలు కాల్చారు, 379 మంది చనిపోయారని హంటర్ కమిటీ చెప్పింది, వెయ్యిమంది దాకా చనిపోయి ఉంటారని కాంగ్రెస్ సంఘం అంచనా వేసింది."

రెండు వాక్యాల మధ్య ఏం మారిందో పిల్లల చేతే చెప్పించాలి, మనం చెప్పేయకూడదు. క్రియకు కర్త దొరికాడు. అంకెకు యజమాని దొరికాడు. "చెప్పింది" అన్నచోట, "అంచనా వేసింది" అన్నచోట రాసేవాడి జాగ్రత్త కనిపిస్తోంది, ఎందుకంటే ఒకటి లెక్క, ఒకటి అంచనా. కర్త, కర్మ, క్రియ అని ఏళ్ల తరబడి బోర్డు మీద గీసి చెప్పినా ఎక్కనిది, "కాల్చింది ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నతో ఎక్కుతుంది.

తర్వాత 379కీ వెయ్యికీ మధ్య ఆ తేడా ఎందుకొచ్చిందో రాయమనండి. మొదట వచ్చే జవాబు, "ప్రభుత్వం అబద్ధం చెప్పింది." కావచ్చు, కానీ అది ఇంకా ఆరోపణే. అప్పుడు ఇంకో ముక్క చూపించాలి: ఆ రాత్రి ఊళ్లో కర్ఫ్యూ ఉంది, గాయపడ్డవాళ్లను, శవాలను తెచ్చుకోవడానికి బయటికి రావాలంటే ప్రాణభయం. అలాంటప్పుడు లెక్క ఎలా తీసి ఉంటారు? మా ఇంట్లోవాడు ఆ సభకు వెళ్లాడని అదే ప్రభుత్వం దగ్గరికి వెళ్లి ఎంతమంది చెప్పి ఉంటారు? ఇక్కడ పిల్లలు ఊహిస్తారు, ఊహించనివ్వాలి. కానీ ఊహను ఊహలాగే రాయడం నేర్పాలి. "కర్ఫ్యూ వల్ల కొన్ని మరణాలు లెక్కకు ఎక్కకపోయి ఉండొచ్చు" అన్నది నిజాయితీ గల వాక్యం. "లెక్కకు ఎక్కలేదు" అన్నది ఇంకో వాక్యం, దానికి ఇంకో ఆధారం కావాలి. ఆధారం ఎక్కడ ఆగిందో, తన ఆలోచన ఎక్కడ మొదలైందో చదివేవాడికి కనపడేలా రాయడం, నన్నడిగితే ఈ వయసులో నేర్పాల్సిన అన్నిటికన్నా పెద్ద విద్య ఇదే. పదమూడేళ్ల పిల్ల ఇది పట్టుకుందంటే దస్తూరి, అలంకారాలు, సామెతలు తర్వాత చూసుకోవచ్చు.

ఠాగూర్ ఉత్తరం ఎందుకు కలిపానంటే, అందులో చనిపోయినవాళ్ల అంకె లేదు. "మరి ఇది దేనికి సాక్ష్యం?" అని అడిగితే క్లాసు ఒక్క నిమిషం తికమకపడుతుంది, ఆ తికమక మంచిది. ఎంతమంది పోయారన్నదానికి అది సాక్ష్యం కాదు. ఆ వార్తలు విన్న ఒక మనిషికి ప్రభుత్వమిచ్చిన గౌరవం సిగ్గుగా ఎలా మారిందన్నదానికి సాక్ష్యం. అన్ని కాగితాలూ అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పవన్న సంగతి తెలిస్తే, పిల్లలు దొరికిన ప్రతి లైనూ వ్యాసంలోకి కుక్కడం మానేస్తారు.

దీనికి తోడు ఒక చిన్న పద్ధతి, ఖర్చు లేనిది. ఒక వాక్యం సగం ఇచ్చి మూడు రకాలుగా పూర్తి చేయించడం. "డయ్యర్ హెచ్చరిక లేకుండా కాల్పించాడు, ఎందుకంటే…" "డయ్యర్ హెచ్చరిక లేకుండా కాల్పించాడు, కానీ…" "డయ్యర్ హెచ్చరిక లేకుండా కాల్పించాడు, అందుకే…" మొదటిది కారణం వెతికిస్తుంది, మూడోది పర్యవసానం వెతికిస్తుంది, మధ్యలోది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఎదురు నిలిచే సంగతి ఒకటి పట్టుకోవాలి. డయ్యర్ సాక్ష్యం సరిగ్గా చదివిన పిల్ల దాన్ని పట్టుకుంటుంది: కాల్చకుండానే జనాన్ని చెదరగొట్టడం బహుశా సాధ్యమయ్యేదేనని, కానీ అలా చేస్తే వాళ్లు మళ్లీ వచ్చి తనను చూసి నవ్వేవాళ్లని అతనే కమిటీ ముందు చెప్పాడు. ఆ సాక్ష్యం చదవకుండా ఈ ఖాళీని సరిగ్గా పూరించడం కష్టం, ఈ పద్ధతిలో ఉన్న కిటుకే అది.

(పన్నెండేళ్ల పిల్లలకు ఇంత ఘోరం చూపించాలా అని అడిగేవాళ్లుంటారు. చదివే ముక్కలు టీచరు చేతిలో ఉంటాయి, ఏది ఇవ్వాలో ఏది ఆపాలో చూసుకోవచ్చు. అంత బరువైనది వద్దనుకుంటే ఇంకో సంఘటన తీసుకోండి. నాలుగు గొంతులు, పొసగని రెండు అంకెలు ఉంటే చాలు.)

ఇక సాహిత్యం సంగతి. నివేదికలు, సాక్ష్యాలు ఏం జరిగిందో చెబుతాయి, కానీ పిల్లలకు సొంత గొంతు ఇవ్వవు. పైగా ఆ కాగితాలు ఎక్కువగా రాయగలిగినవాళ్లు, రాసినదాన్ని భద్రపరచగలిగినవాళ్లు వదిలి వెళ్లినవే. మిగతావాళ్లు ఎక్కడ దొరుకుతారు? కథలో, పద్యంలో, పాటలో, ఆత్మకథలో. రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా విద్యావేత్త 1990లో ఒక మాట చెప్పింది, ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: పిల్లలకు పుస్తకాలు అద్దాలూ కావాలి, కిటికీలూ కావాలి. తమ బతుకు కనిపించేవి కొన్ని, ఇతరుల బతుకు కనిపించేవి కొన్ని. మంచి మాటే. కానీ క్లాసుకొచ్చేసరికి ఇది తరచూ మర్యాద పరీక్షగా మారిపోతుంది. ఎక్కడో అణగారిన ఒక బిడ్డ కథ చదివిస్తాం, "ఈ కథ వల్ల నువ్వేం నేర్చుకున్నావు?" అని అడుగుతాం, "అందరినీ సమానంగా చూడాలి" అని రాస్తారు, మార్కులు వేస్తాం. "చెట్ల వల్ల ఉపయోగాలు" ఇంకో వేషంలో తిరిగొచ్చిందన్నమాట.

అడగాల్సిన ప్రశ్న, ఈ రచయిత ఈ పని ఎలా చేశాడు? ఉదాహరణకు గుర్రం జాషువా. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా 1941లో గబ్బిలం రాస్తూ ఆ సందేశకావ్యం పద్ధతినే తీసుకున్నాడు, కానీ పంపేవాడు అంటరాని మనిషి, కబురు అందుకోవాల్సింది కాశీలోని విశ్వనాథుడు, మోసుకెళ్లేది గబ్బిలం. గబ్బిలమే ఎందుకు? గుళ్లోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క ఎంపికలో వాదన మొత్తం ఉంది, "ఇది అన్యాయం" అని విడిగా చెప్పాల్సిన పని లేదు. పిల్లలకు ఇది అర్థమైన రోజున ఇలా రాయించొచ్చు: నీకు చెప్పుకోవాల్సిన బాధ ఒకటి, చెప్పుకోవాల్సిన మనిషి ఒకరు, నువ్వు వెళ్లలేని చోటు ఒకటి, నీ కబురు ఎవరు మోస్తారు, వాళ్లే ఎందుకు? ఇరవై లైన్లు. పద్యం కానక్కర్లేదు. దూతను ఎంచుకోవడంలోనే ఎవరు ఆలోచించారో ఎవరు ఆలోచించలేదో తెలిసిపోతుంది.

ఇంకో ఉదాహరణ, వయసు రీత్యా పిల్లలకు మరీ దగ్గరగా ఉండేది. పుణెలో జోతిబా, సావిత్రిబాయి ఫూలేల బడిలో చదివిన, మాంగ్ అనే దళిత కులం అమ్మాయి ముక్తాబాయి, ఇంకా బడి వయసులో ఉండగానే, మాంగ్, మహార్ కులాల వాళ్ల కష్టాల మీద ఒక వ్యాసం రాసింది. 1855లో జ్ఞానోదయ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. అందులో ఆమె వాదించే తీరు చూడాలి. వేదాలు మావి మాత్రమే అని బ్రాహ్మణులు అంటున్నారు కదా, సరే, అలాగైతే మాకు ధర్మగ్రంథం లేదన్నమాట, మరి మా మతమేది అని అడుగుతుంది. ఎదుటివాళ్ల మాటను కాదనకుండా, దాన్నే పట్టుకుని వాళ్లు ఊహించని చోటికి లాక్కెళ్లింది. ఇది రాతలో ఒక పట్టు, పేరు పెట్టి నేర్పదగ్గది. ఏడో తరగతి పిల్లలకు నమూనాగా ఎప్పుడూ పెద్ద రచయితలనే చూపిస్తే "వాళ్లంటే రాస్తారు" అని పక్కకు పెడతారు. తమ వయసు పిల్ల, తమకున్న వసతుల్లో పదోవంతు లేకుండా రాసిందంటే ఆ సాకు కుదరదు.

ఏం చెప్పారన్నదే కాదు, ఏం చెప్పలేదన్నది కూడా రాతలో భాగమని చూపించడానికి ఫ్రెడరిక్ డగ్లస్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అమెరికాలో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, 1845లో మొదటి ఆత్మకథ రాశాడు. చదివేవాళ్లందరికీ అన్నిటికన్నా ముందు తెలుసుకోవాలనిపించేది, ఎలా తప్పించుకున్నాడన్నది. అది మాత్రం చెప్పలేదు. చెబితే సాయం చేసినవాళ్లు చిక్కుల్లో పడతారు, అదే దారిలో రావాలనుకునే మిగతావాళ్లకు దారి మూసుకుపోతుంది. చెప్పనని, ఎందుకు చెప్పడం లేదో మాత్రం పుస్తకంలోనే రాశాడు. బానిసత్వం రద్దయ్యాక, 1881లో మూడో ఆత్మకథ వచ్చినప్పుడు గానీ ఆ కథ బయటపెట్టలేదు. పిల్లలకు ఇది చెప్పి, "నీ వ్యాసంలో నువ్వు కావాలని వదిలేసింది ఏమిటి, ఎందుకు?" అని చివర్లో రెండు లైన్లు రాయమంటే కొందరు తెల్లమొహం వేస్తారు, కొందరు మాత్రం మనం ఊహించని సంగతులు రాస్తారు.

ఇక్కడ ఒక పెద్ద గుంట ఉంది. "నువ్వు ఆ కాలంలో బానిసవని ఊహించుకుని డైరీ రాయి." చరిత్రనూ రాతనూ కలపాలనగానే అందరికీ తట్టే మొదటి హోంవర్క్ ఇదే, నాకు దీనంత చిరాకు పుట్టించేది ఇంకోటి లేదు. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆధారం లేని ఊహ కావడంతో పిల్లలు సినిమాలో చూసిందే రాస్తారు, ఏడుపు, కొరడా, చివర్లో స్వేచ్ఛ. రెండోది, ఆ బాధ తమ ఇంటి చరిత్ర అయిన పిల్లలు అదే క్లాసులో కూర్చుని ఉండొచ్చు, వాళ్లను ఆ వేషం వేయమనడం, పక్కవాడు సరదాగా ఆ వేషం వేస్తుంటే చూడమనడం ఎవరికైనా ఇబ్బందే. కాబట్టి ఊహను మానేయనక్కర్లేదు, దానికి కట్టుబాట్లు పెట్టాలి. ప్రధాన బాధితుడి గొంతు అరువు తెచ్చుకోకుండా పక్కనున్న మనిషిని ఎంచుకోమనొచ్చు: ఆ నివేదికను శుభ్రంగా తిరగరాసిన గుమస్తా, ఆ ఉత్తరం చేరవేసిన తపాలా మనిషి, మర్నాడు పేపరు చదివి ఏమీ అనకుండా మడిచిపెట్టిన ఇంటాయన. రాసిన ప్రతి వివరం పక్కన మార్జిన్‌లో, ఇది ఏ ఆధారంలోంచి వచ్చిందో ఒక అంకె వేయమనాలి, సొంతంగా కల్పించినదైతే "క" అని రాయమనాలి. కల్పించడం తప్పు కాదు, కల్పించానని తెలియకపోవడమే తప్పు. పేజీ అంతా "క"లతో నిండిపోతే ఆ పిల్లకే తెలుస్తుంది, మనం ఎర్రసిరా వాడక్కర్లేదు.

మరి ఇవన్నీ బాగానే ఉన్నాయి, నిజంగా రాత మెరుగుపడుతుందా? స్టీవ్ గ్రాహం, డోలొరెస్ పెరిన్ అనే ఇద్దరు పరిశోధకులు 4 నుంచి 12 తరగతుల పిల్లలకు రాయడం నేర్పే పద్ధతుల మీద జరిగిన ప్రయోగాలను పోగేసి, 2007లో ఒక నివేదిక ఇచ్చారు. ప్రభావాన్ని ఒక అంకెతో కొలిచారు, స్థూలంగా 0.2 అంటే చిన్నది, 0.5 అంటే ఓ మోస్తరు, 0.8 అంటే పెద్దది. ప్లాన్ వేసుకోవడం, రాయడం, తిరగరాయడం ఎలాగో అంచెలంచెలుగా చేసి చూపించి నేర్పితే 0.82. చదివినదాన్ని కుదించి రాయడం నేర్పితే అదీ 0.82. చిన్న వాక్యాలు కలిపి పెద్ద వాక్యం కట్టడం నేర్పితే 0.50. మంచి నమూనాలు చదివించి అనుకరించమంటే 0.25. వ్యాకరణం విడిగా పాఠంలా చెబితే మైనస్ 0.32. చివరి అంకె చూసి వ్యాకరణం చెబితే పిల్లలు చెడిపోతారని అనుకోవద్దు, ఆ ప్రయోగాల్లో చాలావాటిలో అది పోల్చి చూడటానికి పెట్టిన పాత పద్ధతి, కొత్త పద్ధతి ముందు వెనకబడింది. కానీ నమూనాలకు వచ్చిన 0.25 మాత్రం మన వాదనకే ఎదురు తిరుగుతుంది, దాన్ని దాటేయకూడదు. మంచి పుస్తకాలు చదివిస్తే రాయడం వస్తుందన్న నమ్మకానికి అంత బలం లేదని అది చెబుతోంది. చరిత్ర, సాహిత్యం సరుకు ఇస్తాయి. రాయడం నేర్పే పని మళ్లీ వాక్యం దగ్గర కూర్చుని విడిగా చేయాల్సిందే.

వాక్యాలు కలపడం అన్నాను కదా, డగ్లస్ బతుకులోంచే తీసుకుందాం. బాల్టిమోర్‌లో చిన్నప్పుడు అతను అక్షరాలు రాయడం నేర్చుకున్న తీరు ఇది. ఓడలు కట్టే చోట వడ్రంగులు, ఏ చెక్క ఓడలో ఏ వైపుకో గుర్తుగా, దాని మీద ఒకటి రెండు అక్షరాలు వేసేవాళ్లు. అతను వాటిని చూసి దిద్దుకున్నాడు. తర్వాత వీధిలో పిల్లలతో నాకూ నీ అంత రాయడం వచ్చని పందెం కట్టి, వాళ్లు రాసి చూపించిన కొత్త అక్షరాలు నేర్చేసుకున్నాడు. కంచె చెక్కలు, ఇటుక గోడ, కాలిబాట అతని కాపీ పుస్తకం, సుద్దముక్క అతని కలం. ఇప్పుడు పిల్లలకు మూడు పొట్టి వాక్యాలు ఇవ్వండి: డగ్లస్ బానిస. అతనికి చదువు నిషేధం. అతను చెక్కల మీది గుర్తులు చూసి అక్షరాలు దిద్దుకున్నాడు. ఒకటిగా కలపమనండి. ఒకడు ఇలా రాస్తాడు: "చదువు నిషేధించినా, బానిసగా ఉంటూనే డగ్లస్ చెక్కల మీది గుర్తులు చూసి అక్షరాలు దిద్దుకున్నాడు." ఇంకొకడు ఇలా: "చెక్కల మీది గుర్తులు చూసి అక్షరాలు దిద్దుకున్న డగ్లస్, చదువు నిషేధమైన బానిస." సమాచారం అదే. కానీ మొదటి వాక్యం అతని పట్టుదల మీద ఆగింది, రెండోది అతని పరిస్థితి మీద ఆగింది. వాక్యం ఎక్కడ ఆపితే చదివేవాడి మనసు అక్కడ నిలుస్తుందని పిల్లలు ఈ రెండూ చదివి తామే కనిపెడతారు. పావుగంట పని.

తిరగరాయడం విషయంలో పిల్లల మొండితనం అందరికీ తెలిసిందే. "మళ్లీ రాయి" అంటే శిక్ష అనుకుంటారు, నిజానికి చాలా క్లాసుల్లో అది శిక్షే. ఇక్కడ ఆన్ ఫ్రాంక్ పనికొస్తుంది, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కుని బతికిన యూదు అమ్మాయి. 1942 జూన్‌లో పదమూడో పుట్టినరోజుకు వచ్చిన డైరీలో రాయడం మొదలుపెట్టింది. 1944 మార్చి 28న, లండన్ నుంచి వచ్చిన రేడియో ప్రసంగంలో డచ్ ప్రవాస ప్రభుత్వ మంత్రి ఒకాయన, యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు పోగుచేస్తామని చెప్పాడు. అది విన్నాక ఆమె తన డైరీని విడి కాగితాల మీద మొదటినుంచి తిరగరాయడం మొదలుపెట్టింది, కొన్ని చోట్ల కోసేసింది, కొన్ని చోట్ల కలిపింది, ఆగస్టు 4న పట్టుబడేదాకా ఆ పని సాగింది. అంటే రెండు రూపాలు ఉన్నాయి, తన కోసం రాసుకున్నది ఒకటి, ఇతరులు చదువుతారని రాసింది ఒకటి. చదివేవాడు ఉన్నాడని తెలిశాక ఆమెకు తిరగరాయాలనిపించింది. మన క్లాసులో పిల్ల రాసింది టీచరు తప్ప ఎవరూ చదవరు, టీచరు కూడా తప్పులు వెతకడానికే చదువుతారు, ఇక తిరగరాయాలని ఎందుకు అనిపిస్తుంది? గోడ మీద అంటించండి, ఇంకో సెక్షన్‌కి పంపండి, ఆరో తరగతి వాళ్లకు అర్థమయ్యేలా రాయమని ఏడో తరగతికి ఇవ్వండి. చదివేవాడు ఒకడు నిజంగా ఉండాలి, అంతే.

ఫోన్‌లోంచి దింపేస్తారు, ఏఐతో రాయిస్తారు అన్న టెన్షన్ ఉండేదే. పూర్తిగా ఆపలేం. మార్జిన్‌లో ఆధారాల అంకెలు, క్లాసులోనే రాసిన మొదటి చిత్తు, "ఏం వదిలేశావు" అన్న ప్రశ్న, ఇవి ఉంటే కొంత తగ్గుతుంది, ఎందుకంటే తేల్చుకున్నదేమిటో చెప్పమన్నప్పుడు దింపినవాడు దొరికిపోతాడు.

దిద్దడం గురించి ఒక మాట. సోషల్ టీచరు విషయం చూసి భాష వదిలేస్తారు, భాష టీచరు తప్పులు చూసి విషయం వదిలేస్తారు, మధ్యలో పిల్లకు వాదన ఎలా ఉందో చెప్పేవాళ్లు లేరు. ఇద్దరూ కలిసి ఒకే రచనను దిద్దగలిగితే అంతకన్నా కావాల్సింది లేదు, కుదరకపోతే ఒక్కో రచనలో ఒక్కటే దిద్దండి. ఈసారి కర్త లేని వాక్యాలు మాత్రమే. వచ్చేసారి యజమాని లేని అంకెలు మాత్రమే. అన్ని తప్పులూ ఒకేసారి చుడితే పిల్ల మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తుంది.

వారానికి ఒక్క పీరియడే దొరుకుతుందనేవాళ్లు ఇదంతా చూసి బెదరనక్కర్లేదు. రెండు గొంతులు, పొసగనివి, ఒక్కోటి ఐదు లైన్లు. పది నిమిషాలు పక్కవాడితో నోటితో మాట్లాడనివ్వండి, ముఖ్యంగా ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష అయిన పిల్లలకు ఆ మాట్లాడటమే సగం చిత్తుప్రతి. తర్వాత ఒకే ఒక్క వాక్యం రాయమనండి, అందులో ఎవరు ఏం చేశారో, అది మనకు ఎవరు చెప్పారో రెండూ ఉండాలి. మొదటి నెల అంతకు మించి వద్దు. పేరా రెండో నెల సంగతి.